కాన్పుతో పోని బీపీ

"కాన్పప్పుడు బీపీ వచ్చింది, కాన్పయ్యాక పోయింది." గర్భంతో ఉన్నప్పుడు రక్తపోటు పెరిగిన ఆడవాళ్ల గురించి మా వైపు ఏ ఇంట్లో అడిగినా కథ ఈ ఒక్క వాక్యంతో ముగుస్తుంది. అందులో మొదటి సగం నిజం. రెండో సగంతోనే నాకు పేచీ. కాన్పయిన కొన్ని వారాలకు చాలామందిలో మిషను మీద అంకె కిందికి దిగుతుంది, కాదనను. అంకె దిగినంత మాత్రాన ఒంట్లో జరిగినదంతా చెరిగిపోదు. గర్భంలో బీపీ పెరిగిన స్త్రీకి పదేళ్లకో ఇరవై ఏళ్లకో గుండెపోటు, పక్షవాతం, శాశ్వత రక్తపోటు వచ్చే ముప్పు మిగతావారి కంటే ఎక్కువ. వైద్యులకు ఈ సంగతి కనీసం రెండు దశాబ్దాలుగా బాగా తెలుసు. అనుభవించాల్సిన ఆడవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేను డాక్టరును కాను. హనుమకొండలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. రక్తప్రసరణ పాఠం ఏటా చెప్పేదే. కానీ ఈ విషయం మీద ఇంత పట్టుదలగా చదవడం మొదలుపెట్టింది మా అక్క గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన తర్వాతే. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఈ బీపీ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. అది తెలియకపోతే, పోయిన బీపీ గురించి ఇంత గొడవ ఎందుకని అనిపిస్తుంది.

గర్భం నిలిచాక మాయ (ప్లసెంటా) గర్భసంచి గోడలో నాటుకుంటుంది. అక్కడ మెలికలు తిరిగిన సన్నని ధమనులు ఉంటాయి. మాయ కణాలు ఆ ధమనుల్లోకి చొచ్చుకుపోయి వాటిని వెడల్పు చేస్తాయి, బిడ్డకు ధారాళంగా రక్తం అందడానికి. కొందరిలో ఈ పని సగంలోనే ఆగిపోతుంది. ధమనులు ఇరుకుగానే మిగిలిపోతాయి, మాయకు చాలినంత రక్తం అందదు. అలా ఇబ్బంది పడిన మాయ నుంచి కొన్ని ప్రోటీన్లు తల్లి రక్తంలో కలుస్తాయి. అవి తల్లి ఒంట్లోని రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఆ పొర మెదడులో ఉంది, కంటిలో ఉంది, కాలేయంలో ఉంది, మూత్రపిండాల్లో ఉంది. అందుకే తలనొప్పి వస్తుంది, కళ్ల ముందు మెరుపులు కనిపిస్తాయి, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పుడుతుంది, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీను పోతుంది. 20 వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకు మించి ఉండి, మూత్రంలో ప్రోటీను గానీ ఇతర అవయవాలు దెబ్బతిన్న ఆనవాళ్లు గానీ కనిపిస్తే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. మన పెద్దలు గుర్రపువాతం అని భయపడింది దీనికే.

మాయ బయటపడగానే ఆ ప్రోటీన్లు తగ్గిపోతాయి, బీపీ మెల్లగా దిగుతుంది. "పోయింది" అనడానికి ఆధారం అదే. అయితే మరి పదిహేనేళ్ల తర్వాత గుండె ఎందుకు దెబ్బతింటుంది? పరిశోధకులు రెండు కారణాలు చెబుతారు, రెండూ కలిసే పనిచేస్తాయని ఎక్కువమంది అభిప్రాయం. ఒకటి, రక్తనాళాల లోపలి పొరకు తగిలిన దెబ్బ పూర్తిగా మానదు. రెండు, ఆ స్త్రీ రక్తనాళాల్లో మొదటి నుంచీ ఏదో బలహీనత ఉంటుంది, గర్భం దాన్ని బయటపెడుతుంది. గర్భంలో ఒంట్లోని రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది, గుండె ఆ రక్తాన్నంతా తోడాలి. ఖాళీ ట్రాక్టరు నడుస్తున్నంతసేపూ ఇంజనులో లోపం తెలియదు. వడ్ల బస్తాలు నింపి చెరువు కట్ట ఎక్కించినప్పుడు తెలుస్తుంది. కట్ట దిగాక మళ్లీ మామూలుగా నడిచినంత మాత్రాన ఆ ఇంజను బాగుందని ఏ రైతూ అనుకోడు.

లెక్కలు కూడా చెబుతాను. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక సమీక్ష వచ్చింది. సుమారు 35 లక్షల మంది స్త్రీల వివరాలున్న 25 అధ్యయనాలను కలిపి చూసి తేల్చినది. ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి తర్వాతి కాలంలో శాశ్వత రక్తపోటు వచ్చే ముప్పు మూడున్నర రెట్లకు పైగా ఉంది. గుండెకు రక్తం చాలక వచ్చే జబ్బు రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ, పక్షవాతం రెట్టింపుకు కొంచెం తక్కువ. అంతకు ముందే, 2001లో, నార్వే జనన రిజిస్టర్ల ఆధారంగా వచ్చిన అధ్యయనం ఇంకా భయం పుట్టించే మాట చెప్పింది. ప్రీఎక్లాంప్సియాతో పాటు నెలలు నిండకుండా కాన్పయిన తల్లులు గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ముప్పు ఎనిమిది రెట్లు ఎక్కువ. బిడ్డను ఎంత ముందుగా బయటికి తీయాల్సి వచ్చిందో, తల్లి గుండెకు భవిష్యత్తులో అంత ఎక్కువ కాపలా కావాలన్నమాట. 2011లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ స్త్రీలలో గుండెజబ్బుకు దారితీసే కారణాల జాబితాలోకి ప్రీఎక్లాంప్సియాను చేర్చింది. పొగతాగడం, షుగరు, కొలెస్ట్రాల్ ఉన్న జాబితా అది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసం చదివి ఎవరైనా బాలింత రాత్రంతా నిద్ర మానుకుంటుంది. ముప్పై ఏళ్ల స్త్రీకి గుండెపోటు వచ్చే అవకాశం చాలా చిన్నది. చిన్నదాన్ని రెట్టింపు చేసినా చిన్నదే. ఆ రెట్టింపు నలభైలలో, యాభైలలో, ముట్లుడిగిన తర్వాత బరువెక్కుతుంది. అంటే జాగ్రత్త పడటానికి పదేళ్లో పదిహేనేళ్లో చేతిలో ఉంటాయి. గుండెజబ్బు ఇంత ముందుగా కబురు పంపడం అరుదు. ఆ కబురును చదవకుండా పక్కన పడేస్తున్నామన్నదే నా బాధ.

ఇప్పుడు అక్క సంగతి. అక్కను నర్సంపేట అవతల ఊరికి ఇచ్చారు. 2003లో తొలి కాన్పుకు తల్లిగారింటికి, పరకాల దగ్గరి మా ఊరికి వచ్చింది. ఎనిమిదో నెలలో పాదాలు ఉబ్బాయి. అందరికీ ఉబ్బుతాయి కదా అన్నారు. తర్వాత ముఖం ఉబ్బింది. మెట్టెలు వేళ్లలో దిగబడిపోయి చర్మం ఎర్రగా కోసుకుపోతుంటే అమ్మ కొబ్బరినూనె రాసి తిప్పి తిప్పి తీసింది. కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉంది. ఆ రాత్రి తలనొప్పి, ఎదురుగా ఉన్న మనిషి మసకగా కనపడుతున్నాడంది. జీపు మాట్లాడుకుని వరంగల్ తీసుకొచ్చారు. ఆసుపత్రిలో రెండు పిరుదులకూ మెగ్నీషియం ఇంజక్షన్లు ఇచ్చారు. ఒళ్లంతా నిప్పు పోసినట్టుందని అక్క ఏడ్చింది. ఆ మందు ఫిట్స్ వచ్చే ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 33 దేశాల్లో 10 వేల మంది గర్భిణుల మీద చేసిన మాగ్‌పై పరిశోధన అంతకు ముందు ఏడాదే, 2002లో, నిరూపించింది. ఆ రోజు అక్కకు అందిన వైద్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. నెలలు తక్కువ పాప, బరువు తక్కువ పాప. ఇద్దరూ బతికారు.

ఇరవై ఏళ్లు గడిచాయి. 2023లో మిరప కోతల రోజుల్లో అక్కకు చేను గట్టు ఎక్కితే ఆయాసం వచ్చేది. ఎండ అనుకుంది. ఒక సాయంత్రం దవడ లాగింది, రెండు భుజాల మధ్య వీపు పట్టేసింది, చెమటలు పోసి వాంతి అయింది. ఊళ్లో వైద్యం చేసే ఆయన గ్యాస్ అని సూది మందు ఇచ్చి పంపాడు. తెల్లవారాక కూడా తగ్గకపోతే బావ వరంగల్‌కు తెచ్చాడు. ఈసీజీలో గుండెపోటు అని తేలింది. స్టెంటు వేశారు. అప్పుడు అక్కకు నలభై ఏళ్లు. నెలసరి ఇంకా వస్తూనే ఉంది. బీపీ 160 మీద 100. అంతకు ముందు ఎప్పుడు చూపించుకున్నావని అడిగితే, చిన్నోడి కాన్పప్పుడు అంది. ఆ చిన్నోడు అప్పటికి ఇంటర్ చదువుతున్నాడు.

వార్డులో చేరినప్పుడు యువ డాక్టరు ఓపిగ్గా అన్నీ అడిగాడు. షుగరుందా, పొగాకు నములుతారా, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బుందా? అన్నింటికీ లేదు లేదు అని చెప్పాం. ఈ వయసులో ఆడవాళ్లకు రావడం అరుదని ఆయన ఆశ్చర్యపోయాడు. కాన్పుల గురించి ఎవరూ అడగలేదు, గుండె వార్డులో కాన్పుల ముచ్చట చెప్పాలని మాకూ తోచలేదు. కొన్ని వారాల తర్వాత అమ్మ ఇనప్పెట్టెలో పొలం కాగితాల కింద అక్క కాన్పు నాటి డిశ్చార్జి కాగితం దొరికింది. కార్బన్ నకలు, మడతల దగ్గర చిరిగి ఉంది. బీపీ 170/110. అల్బుమిన్ పక్కన మూడు ప్లస్సులు, అంటే మూత్రంలో ప్రోటీను బాగా ఎక్కువగా పోతోందని. ఇరవై ఏళ్లు ఆ మూడు ప్లస్సులు పరకాల దగ్గర ఒక పెట్టెలో ఉన్నాయి, ఆ గుండె నర్సంపేట అవతల చేలల్లో పనిచేసింది.

నా మొదటి ఫిర్యాదు ఇదే, అది ఏ ఒక్కరి తప్పూ కాదు. మన ఆచారంలో తొలి కాన్పు తల్లిగారిది. పరీక్షలు సగం అత్తగారి ఊళ్లో, సగం తల్లిగారి ఊళ్లో. కాన్పు పట్నంలో. ఇరవై ఒకటో రోజు అయ్యాక, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డను ఎత్తుకుని అత్తగారింటికి వెళ్తుంది. చీరలు వెళ్తాయి, ఊయల వెళ్తుంది, ఒడిబియ్యం వెళ్తాయి, కాగితం వెళ్లదు. 2016లో జిల్లాలు విడిపోయాక పాత వరంగల్ జిల్లా ఇప్పుడు ఆరు జిల్లాలు. పరకాల హనుమకొండ జిల్లాలో ఉంది, నర్సంపేట వరంగల్ జిల్లాలో. అంటే ఒకే స్త్రీ రెండు జిల్లాల రిజిస్టర్లలో సగం సగం ఉంటుంది. అత్తగారి ఊరి ఏఎన్ఎంకు, అంటే ఉపకేంద్రం నర్సుకు, ఆమె బిడ్డతో వచ్చిన కోడలు, అంతే. ప్రాణం మీదికి వచ్చి బతికిన మనిషని తెలియదు.

కాగితం కావాలనే వదిలేసి వెళ్లడం కూడా ఉంది, అది ఇంకా కష్టంగా ఉంటుంది వినడానికి. మా కాలేజీలో పనిచేసే ఒకామె చెప్పింది. తనకు కాన్పులో ఫిట్స్ వచ్చిన సంగతి అత్తమ్మకు ఈ రోజుకూ తెలియదట. రోగిష్టి పిల్లను అంటగట్టారని అంటారేమోనని వాళ్లమ్మే ఆ ఫైలు దాచేసింది. తల్లి భయం నాకు అర్థమవుతుంది. ఫిట్స్ అంటే మూర్ఛరోగమని, మూర్ఛ అంటే సంసారానికి పనికిరాదని అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గుర్రపువాతం మాయ వల్ల వచ్చేది, మూర్ఛరోగంతో దానికి సంబంధం లేదు. ఈ ఒక్క మాట మగవాళ్లకు, అత్తలకు తెలిసినా ఎన్నో ఫైళ్లు దాక్కోవాల్సిన పని ఉండదు.

ఇక ప్రభుత్వం వైపు. తెలంగాణ కాన్పుల విషయంలో చాలా చేసింది. ఇంటి కాన్పులు దాదాపు పోయాయి. 102 వాహనం ఇంటి ముందుకు వచ్చి గర్భిణిని తీసుకెళ్తుంది, దించుతుంది. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లవాడు పుడితే 12,000 రూపాయలు విడతలుగా ఇచ్చారు. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2018–20 లెక్కల్లో తెలంగాణలో 43, అదే కాలంలో దేశం మొత్తం మీద 97. ఇది చిన్న విజయం కాదు. ఊరూరా తిరిగిన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు సాధించిన విజయం. కానీ ఆ లెక్క కాన్పయిన 42వ రోజుతో ఆగిపోతుంది. 42 రోజులు బతికితే ఆ తల్లి బతికినట్టు లెక్క. ఆ తర్వాత నలభయ్యో ఏట గుండెపోటుతో పోతే అది వేరే పట్టికలో, వేరే శాఖలో పడుతుంది. రెండు పట్టికల మధ్య తాడు ఎక్కడా లేదు.

తాడు వేయడం కష్టమా? నేను చాలా ఆలోచించాను. కొత్త పథకం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. బిడ్డకు టీకాలు ఎప్పుడు వేస్తారో చూడండి. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల, తర్వాత ఏడాదిన్నర ప్రాంతంలో. బుధవారాలు, శనివారాలు ఉపకేంద్రం దగ్గర, అంగన్‌వాడీ దగ్గర తల్లులు బిడ్డలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. టీకా వేశాక అరగంట అక్కడే ఉండమంటారు. ఆ అరగంట తల్లి చెయ్యి ఖాళీగానే ఉంటుంది. ఏఎన్ఎం దగ్గర బీపీ మిషను ఉంటుంది. పక్కన ఇంకో గర్భిణికి చూస్తూనే ఉంటుంది. బిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లికి మాత్రం పట్టీ చుట్టరు, ఎందుకంటే ఆమె ఇప్పుడు గర్భిణి కాదు. కాన్పులో బీపీ వచ్చిన తల్లికి టీకా రోజున బీపీ చూసి, బిడ్డ టీకా పక్కనే ఆ అంకె రాయాలి. ఏడాదిన్నరలో ఐదుసార్లు, ఆమె ఒక్క అడుగు అదనంగా వేయకుండా. నేను అడిగేది ఇదే.

మా వీధికి వచ్చే ఏఎన్ఎంతో ఈ మాట అంటే, "చూడటానికి రెండు నిమిషాలు మేడం, నాకేం బరువు కాదు. కానీ ఎక్కువ వస్తే ఎక్కడ రాయాలి, ఎవరికి పంపాలి? అది చెప్పేవాళ్లు కావాలి" అంది. న్యాయమైన ప్రశ్న. జవాబు కూడా ఇక్కడే ఉంది. రక్తపోటును అదుపులో పెట్టడానికి 2017లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమంలో మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఉపకేంద్రం స్థాయి నుంచే బీపీ మందులు ఇచ్చే ఏర్పాటు ఉంది, రోగుల పేర్లు నమోదు చేసే పద్ధతి ఉంది. తల్లి పేరు ఆ వరుసలో చేరడమే మిగిలింది. అడ్డం వస్తున్నది వయసు ఒక్కటే. ఊళ్లలో బీపీ, షుగరు పరీక్షలు ముప్పై దాటినవారికి. మా వైపు అమ్మాయిలకు ముప్పై వచ్చేసరికి ఇద్దరు పిల్లలు పుట్టి, ఆపరేషన్ చేయించుకుని, పెద్దవాడు బడికి వెళ్తుంటాడు. బీపీ వచ్చిన కాన్పుకూ మొదటి పరీక్షకూ మధ్య పదేళ్ల ఖాళీ.

ఆ ముప్పయ్యో ఏట ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి నింపే ఫారంలో ఆరు ప్రశ్నలకు మార్కులు వేస్తారు. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, ఒళ్లు కదిలే పని, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉందా? మంచి ప్రశ్నలే. మా అక్కకు అప్పుడు వేసి ఉంటే దాదాపు సున్నా వచ్చేది. చేలో పని, సన్నని నడుము, ఏ అలవాటూ లేదు. ఏడో ప్రశ్న ఒకటి ఉండి ఉంటే బాగుండేది. గర్భంతో ఉన్నప్పుడు నీకు బీపీ వచ్చిందా? అడగడానికి మిషను కూడా అక్కర్లేదు.

కాన్పయిన మొదటి వారం సంగతి వేరు, అది భవిష్యత్తు ముప్పు కాదు, అప్పటికప్పటి ప్రమాదం. ఇది చాలామందికి తెలియదు కాబట్టి ఇక్కడ ఆగుతాను. బీపీ కాన్పుతో వెంటనే దిగదు. మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య ఇంకా పెరుగుతుంది. ఒంట్లో చేరిన నీరంతా తిరిగి రక్తంలోకి వచ్చే రోజులు అవి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతారు. బాలింతకు తలనొప్పి వస్తే గాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కడతాం. నిద్ర చాలలేదంటాం. ఫిట్స్ కాన్పయ్యాక కూడా రావచ్చు. ఆగని తలనొప్పి, కళ్లు మసకలు, పై కడుపులో నొప్పి, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బీపీ 160/110 దాటితే గంటలోపు మందు పడాలి. ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు ఇంటికి వచ్చి బిడ్డ బరువు, ఒంటి వేడి చూస్తుంది. అదే పూట తల్లి బీపీ కూడా చూస్తే ఎంత మేలు!

ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఒక పరిశోధన 2023లో వెలువడింది. గర్భంలో బీపీ పెరిగిన 220 మంది బాలింతల్లో సగం మందికి ఇంటికే మిషను ఇచ్చి, రోజూ చూసుకోమని, ఆ అంకెలను బట్టి డాక్టర్లు మందు మోతాదు సవరించేలా ఏర్పాటు చేశారు. మిగతా సగం మందికి మామూలు వైద్యమే. దాదాపు తొమ్మిది నెలలకు చూస్తే, ఇంట్లో చూసుకున్నవారి కింది బీపీ రెండో గుంపు కంటే సుమారు ఆరు పాయింట్లు తక్కువగా ఉంది. మొదటి కొన్ని వారాలు సరిగ్గా పట్టించుకుంటే రక్తనాళాలు కోలుకోవడానికి అవకాశం దొరుకుతుందన్నమాట. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా వచ్చిన తల్లులకు కాన్పయిన ఏడాదికి 24 గంటలూ బీపీ కొలిచే మిషను కట్టి చూస్తే, వందలో నలభై మందికి పైగా రక్తపోటు బయటపడింది. కొందరికి ఆసుపత్రిలో చూస్తే మామూలుగానే ఉంది, ఇంట్లో పనుల మధ్య పెరుగుతోంది. "పోయింది" అనుకున్నవారిలో ఇంతమందికి పోలేదు.

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా నాకు ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది. ఎందుకమ్మా భయపెడతారు, పిల్లా తల్లీ బాగున్నారు కదా అంటారు. డాక్టర్లలోనూ కొందరు ఈ మాట అనడం విన్నాను. చెబితే కుంగిపోతారని, ఇంకో బిడ్డను కనడానికి భయపడతారని. ఆడవాళ్ల మనసు మీద ఇంత చిన్న అంచనా ఎందుకో నాకు అర్థం కాదు. మా అక్క మెగ్నీషియం సూదులు ఓర్చుకుంది, నెలలు నిండని పాపను గుండెలకు అదుముకుని పెంచింది, ఎండలో మిరపకాయ కోసింది. "ఏడాదికోసారి బీపీ చూపించుకో" అనే మాటను ఓర్చుకోలేకపోయేదా? చెప్పకపోవడం వల్ల ఆమెకు దక్కిన మనశ్శాంతి ఏమిటో ఆ రాత్రి దవడ నొప్పికే తెలుసు.

రెండో బిడ్డ గురించి భయం అంటారా, తెలిస్తేనే ఆ భయం తగ్గుతుంది. ఒకసారి ప్రీఎక్లాంప్సియా వచ్చినవారిలో మళ్లీ వచ్చేది సుమారు ఆరుగురిలో ఒకరికి. మిగతావారికి రాదు. ఆ ఒక్కరి ముప్పును కూడా తగ్గించే మార్గం ఉంది. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి మూడో నెల దాటగానే డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. 2017లో వచ్చిన ఆస్ప్రే పరిశోధనలో రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకున్నవారిలో, నెలలు నిండకముందే కాన్పు చేయాల్సిన రకం ప్రీఎక్లాంప్సియా 60 శాతానికి పైగా తగ్గింది. ఇది సొంతంగా కొనుక్కుని వేసుకునే మందు కాదు. ఎవరికి అవసరమో డాక్టరు చూసి రాయాలి. కానీ డాక్టరుకు చెప్పడానికి మొదటి కాన్పులో ఏం జరిగిందో ఆ తల్లికి తెలిసి ఉండాలి కదా. అలాగే బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్న స్త్రీ మళ్లీ గర్భం అనుకుంటే ముందే చెప్పాలి. అది గర్భంలో బిడ్డకు హాని చేసే మందు, వేరేది మార్చి ఇస్తారు.

తిండి గురించి కూడా మన ఇళ్లలో జాగ్రత్త తిరగబడి ఉంటుంది. గర్భిణికి కాళ్లు ఉబ్బితే ఉప్పు లేని చప్పిడి కూడు పెడతారు. ఉప్పు మానేస్తే ప్రీఎక్లాంప్సియా ఆగుతుందని రుజువు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేయదు. సిఫారసు చేసేది, కాల్షియం తక్కువ తినే మనలాంటి చోట్ల కాల్షియం మాత్రలను. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఆ మాత్రలు చాలా ఇళ్లలో గూట్లోనే ఉండిపోతాయి. ఉప్పు నిజంగా తగ్గించాల్సింది తర్వాతి ఏళ్లలో, అప్పుడేమో ఎవరికీ పట్టదు. పొద్దున చద్దన్నంలోకి తొక్కు, మధ్యాహ్నం పప్పులోకి ఊరుమిరపకాయ, రాత్రి మళ్లీ తొక్కు. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలంటారు, అంటే ఒక టీ చెంచా. మేము తినేది దానికి రెండింతలు ఉంటుంది. తొక్కు లేకుండా ముద్ద దిగదని నాకూ తెలుసు. కూరలో ఉప్పు తగ్గించి, తొక్కు ఒక పూటకు పరిమితం చేసినా తేడా వస్తుంది. అక్క ఇప్పుడు అలాగే తింటోంది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మా జిల్లాల్లో తెల్లబట్ట అన్నా, నెలసరి ఎక్కువైందన్నా గర్భసంచి తీయించేసుకోవడం మామూలైపోయింది. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరుసలో ఉన్నాయి. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగినట్టు, గుండెకు ఉన్న సహజమైన రక్షణ అప్పుడే పోతుంది. కాన్పులో బీపీ వచ్చిన స్త్రీకి ఇది రెండో దెబ్బ. తప్పనిసరైతే చేయించుకోవాలి. తప్పనిసరో కాదో రెండో డాక్టరును కూడా అడిగి తెలుసుకోవాలి, తన కాన్పు చరిత్ర చెప్పి మరీ అడగాలి.

2003లో నెలలు నిండకుండా పుట్టిన ఆ పాప, అక్క కూతురు, ఇప్పుడు గర్భిణి. తల్లికి ప్రీఎక్లాంప్సియా వచ్చి ఉంటే కూతురికీ వచ్చే ముప్పు కొంత ఎక్కువ. మొదటి పరీక్షకు వెళ్లినప్పుడు ఆ పాత కార్బన్ కాగితం నకలు తీసి ఇచ్చాం. డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివి, మూడో నెల నుంచే బీపీ మీద కన్ను వేసింది, ఆస్పిరిన్ రాసింది. అల్లుడు చేతికి పట్టీ చుట్టే బీపీ మిషను కొన్నాడు, ఒక సెల్‌ఫోన్ ధరలో చిన్న భాగం అంతే. మా వాదన ఇప్పుడు ఇంకోటి. కాన్పుకు తల్లిగారింటికి రావాలా, అత్తగారింట్లోనే ఉండాలా అని. ఎక్కడైనా సరే, ఫైలు ఆమె సంచిలోనే ఉండాలని నేను చెప్పాను. బిడ్డ పుట్టాక టీకా రోజుల్లో ఆమెకు కూడా బీపీ చూడమని ఆ ఊరి ఏఎన్ఎంను అడగడానికి ఒకరోజు నేనే వెళ్తాను. చూస్తానంటే సంతోషం. రాయడానికి గడి లేదంటే, టీకా కార్డు అంచున పెన్నుతో గీత కొట్టి ఆ గడి నేనే గీస్తాను, జిల్లా వైద్యాధికారికి దాని ఫొటో జతచేసి అర్జీ పెడతాను. చదివేవారిలో ఏఎన్ఎంలు, వైద్యాధికారులు ఉంటే ముందే చెబుతున్నాను, ఆ అర్జీ పరకాల నుంచి ఒకటి, నర్సంపేట నుంచి ఒకటి, రెండు జిల్లాలకూ వస్తుంది.